‘అయిపోయింది’ వేరు, ‘వచ్చు’ వేరు: ఇంటర్ పరీక్షల చివరి రోజుల్లో చదువు, భయం, నిద్ర

పరీక్షకు ముందురోజు రాత్రి చాలా ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: “అంతా చదివాను, కానీ ఏమీ గుర్తులేనట్టు ఉంది.” ఆ మాట అనే విద్యార్థి అబద్ధం చెప్పడం లేదు. అతడు చదివిన మాట నిజం, గుర్తులేనట్టు అనిపిస్తున్న మాటా నిజం. ఈ రెండూ ఏకకాలంలో ఎలా నిజమవుతాయో తెలిస్తే ఆ రాత్రి ఏం చేయాలో, ఏం చేయకూడదో కూడా తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో 2025లో సుమారు 20 లక్షల మంది ఇంటర్మీడియట్ పరీక్షలకు నమోదయ్యారు. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో దేశమంతటా సీబీఎస్ఈ పన్నెండో తరగతి పరీక్షలు కూడా జరుగుతాయి. ఢిల్లీలోనో ముంబయిలోనో చదువుతున్న తెలుగు పిల్లలకు ఆ పరీక్ష ఎంతో, వరంగల్, గుంటూరు విద్యార్థులకు ఇంటర్ అంత. పాఠ్యప్రణాళికలు వేరైనా, పరీక్ష ముంగిట కలిగే గుబులు ఒక్కటే.

రెండు మాటల మధ్య దూరం

తెలుగు విద్యార్థులు తమ చదువు గురించి చెప్పేటప్పుడు రెండు మాటలు వాడతారు. “ఆ పాఠం అయిపోయింది” అన్నది ఒకటి, “ఆ పాఠం వచ్చు” అన్నది మరొకటి. మొదటిది పుస్తకం గురించిన మాట. పేజీలు తిప్పడం పూర్తయిందని మాత్రమే దాని అర్థం. రెండోది మనిషి గురించిన మాట. పుస్తకం లేకున్నా చెప్పగలనని దాని అర్థం. చివరి రోజుల్లో కలిగే కంగారులో పెద్ద భాగం ఈ రెండింటి మధ్య ఉన్న దూరం నుంచే పుడుతుంది.

ఒకే పాఠాన్ని మూడోసారి చదివేటప్పుడు ప్రతి వాక్యమూ పరిచయమైనదిగానే కనిపిస్తుంది. ఆ పరిచయాన్ని మనసు జ్ఞానంగా పొరబడుతుంది. కానీ అది గుర్తుపట్టడమే తప్ప గుర్తుకు తెచ్చుకోవడం కాదు. పరీక్ష హాలులో పుస్తకం ఎదురుగా ఉండదు గనుక అక్కడ గుర్తుపట్టే పని లేదు, గుర్తుకు తెచ్చుకునే పనే ఉంటుంది. సాధన చేసింది ఒక పనిని, పరీక్ష అడిగేది మరొక పనిని అయినప్పుడు, ముందురోజు రాత్రి మనసు ఆ లోటును పసిగడుతుంది. “ఏమీ గుర్తులేనట్టు ఉంది” అన్న మాట వెనుక ఉన్న సంగతి ఇదే.

ఈ తేడాను అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొలిచారు. కొందరు విద్యార్థులు ఒక గద్యభాగాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి చదివే బదులు గుర్తున్నంత కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారిదే పైచేయి అయింది. వారం తర్వాత పరీక్షిస్తే ఫలితం తారుమారైంది: చదివి రాసినవారు దాదాపు 56 శాతం గుర్తుచేసుకోగా, రెండుసార్లు చదివినవారు 42 శాతం దగ్గర ఆగిపోయారు. మళ్లీ మళ్లీ చదవడం అప్పటికప్పుడు ధైర్యాన్ని ఇస్తుంది, పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం నిలిచే జ్ఞాపకాన్ని ఇస్తుంది.

కాబట్టి చివరి రోజుల్లో చేయవలసిన మొదటి మార్పు పుస్తకం మూయడం. భౌతికశాస్త్రంలో డాప్లర్ ప్రభావాన్ని నాలుగోసారి చదవడానికి బదులు, తెల్లకాగితం తీసుకొని పటం గీసి, సమీకరణం రాబట్టే మెట్లను వరుసగా రాసి చూడాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడే పుస్తకం తెరవాలి. ఆగినచోటు తెలియడం ఓటమి కాదు. మిగిలిన కొద్ది గంటలను ఎక్కడ వెచ్చించాలో చెప్పే గుర్తు అది.

విరామ దినాన్ని పంచుకోవడం

ఇంటర్ పరీక్షల కాలపట్టికలో విద్యార్థులకు ఒక వెసులుబాటు ఉంది. మొదటి, రెండో సంవత్సరాల పరీక్షలు సాధారణంగా రోజు విడిచి రోజు జరుగుతాయి గనుక ప్రధాన పరీక్షల మధ్య ప్రతి విద్యార్థికీ కనీసం ఒక విరామ దినం దొరుకుతుంది. ఉదయం 9 గంటలకు మొదలైన పరీక్ష మధ్యాహ్నం 12కు ముగిస్తే, తర్వాతి పరీక్షకు దాదాపు 45 గంటలు ఉంటాయి. అందులో రెండు రాత్రుల నిద్ర, భోజనాలు, ప్రయాణం పోగా చదువుకు మిగిలేది 20 గంటల లోపే. ఆ కొద్ది సమయంలో పుస్తకాన్నంతా మొదటి నుంచి చదవాలనుకోవడమే చాలామంది చేసే పొరపాటు.

అంతకంటే ప్రశ్నపత్రం లెక్కను ముందు పెట్టుకోవడం మేలు. తెలంగాణ ఇంటర్ భౌతికశాస్త్ర పత్రాన్ని ఉదాహరణగా తీసుకుంటే, మొత్తం 60 మార్కులు. అతిస్వల్ప సమాధాన ప్రశ్నలు పది, ఒక్కొక్కటి 2 మార్కులు, అన్నీ రాయాలి. స్వల్ప సమాధాన ప్రశ్నలు ఎనిమిది ఇస్తారు, నాలుగేసి మార్కుల చొప్పున ఆరు రాయాలి. దీర్ఘ సమాధాన ప్రశ్నలు మూడు ఇస్తారు, ఎనిమిదేసి మార్కుల చొప్పున రెండు రాయాలి. అంటే మూడో వంతు మార్కులు రెండు మూడు వాక్యాల్లో తేలిపోయే చిన్న ప్రశ్నలవే. ఉత్తీర్ణతకు కావలసినవి 21 మార్కులు. వెనుకబడ్డానని బెంగపడే విద్యార్థి పెద్ద ప్రశ్నల వెంట పడి చిన్నవాటిని వదిలేస్తే, చేతికందే 20 మార్కులను వదులుకున్నట్టే.

గణితంలో లెక్క వేరు. 75 మార్కుల పత్రంలో ఏడు మార్కుల ప్రశ్నలు ఐదు రాయాలి. దాదాపు సగం మార్కులు, అంటే 35, వాటికే. గణితాన్ని చదివి నేర్చుకోవడం సాధ్యం కాదు గనుక విరామ దినాన కొత్త అధ్యాయాలు ముట్టుకోకుండా, తెలిసిన అధ్యాయాల నుంచి ఒక్కో పెద్ద లెక్కను పుస్తకం చూడకుండా పూర్తిచేయడం ఉత్తమం. ఆంధ్రప్రదేశ్‌లో 2025–26 నుంచి మొదటి సంవత్సరానికి కొత్త పాఠ్యప్రణాళిక, కొత్త ప్రశ్నపత్ర నమూనా వచ్చాయి. అక్కడి విద్యార్థులు పాత గైడ్లలోని లెక్కలను కాక, బోర్డు విడుదల చేసిన నమూనా పత్రాలనే ప్రామాణికంగా తీసుకోవాలి.

విరామ దినం సాయంత్రం కొత్తగా మొదలుపెట్టిన అధ్యాయం తరచుగా రెండు నష్టాలు చేస్తుంది. అది పూర్తిగా రాదు, వచ్చిన వాటి మీద నమ్మకాన్ని కూడా కదిలిస్తుంది. సాయంత్రం దాటాక తెలిసినవాటిని గుర్తుచేసుకోవడానికే సమయం ఇవ్వాలి.

గుండె దడ ఎందుకు?

పరీక్ష అనగానే గుండె వేగం పెరగడం, అరచేతులు చెమర్చడం, కడుపులో తిప్పినట్టు ఉండడం శరీరం చేసే సహజమైన సన్నాహం. ఏదో ముఖ్యమైనది ఎదురవుతోందని మెదడు గ్రహించగానే అడ్రినలిన్ విడుదలై కండరాలకు, మెదడుకు రక్తప్రసరణ పెరుగుతుంది. పరుగు పందెం మొదలయ్యే ముందు క్రీడాకారుడి శరీరంలోనూ జరిగేది ఇదే. దడ పుట్టింది గనుక చదివింది రాదని అనుకోవడం తప్పు. పరీక్ష ముఖ్యమని శరీరానికి కూడా తెలుసని మాత్రమే దాని అర్థం.

అయితే దీనికి ఒక హద్దు ఉంది. 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, కష్టమైన పనిని నేర్చుకోవడానికి మధ్యస్థమైన ఉద్దీపన అన్నిటికంటే ఎక్కువగా ఉపకరించింది. మరీ తక్కువైతే చురుకుదనం ఉండదు, మరీ ఎక్కువైతే పని చెడుతుంది. హద్దు దాటిన ఆందోళన పరీక్షలో ఎలా అడ్డుపడుతుందో తర్వాతి పరిశోధకులు వివరించారు. లెక్క చేసేటప్పుడు మధ్య మెట్లను పట్టి ఉంచే చోటు మెదడులో చాలా ఇరుకైనది. “తప్పితే ఏమవుతుంది, నాన్న ఏమంటారు” అన్న ఆలోచనలు ఆ ఇరుకు చోటునే ఆక్రమిస్తాయి. జ్ఞాపకం చెరిగిపోదు, దానిని బయటికి తీసే దారి మూసుకుపోతుంది. హాలు బయటికి రాగానే జవాబు గుర్తుకు రావడం అందుకే.

ఈ ఆందోళనను అణచివేయాలని ప్రయత్నించడం కంటే దానికి వేరే పేరు పెట్టడం మేలు చేయవచ్చని అమెరికా పరిశోధకురాలు అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన అధ్యయనం చెబుతోంది. “నేను ప్రశాంతంగా ఉన్నాను” అని తమకు తాము చెప్పుకున్నవారి కంటే “నాకు ఉత్సాహంగా ఉంది” అని చెప్పుకున్నవారు గణిత పరీక్షలోనూ ప్రసంగంలోనూ మెరుగ్గా రాణించారు. కొట్టుకుంటున్న గుండెను ప్రశాంతంగా ఉందని నమ్మించడం కష్టం. అదే వేగాన్ని సన్నద్ధతగా భావించడం అంత కష్టం కాదు.

మరొక మార్గం కాగితం. జెరార్డో రమిరెజ్, షాన్ బైలాక్ 2011లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, పరీక్షకు ముందు పది నిమిషాల పాటు తమ భయాలను రాసుకున్న ఆందోళనపరులైన విద్యార్థులు మెరుగైన ఫలితం సాధించారు. ఇది అందరికీ ఒకే విధంగా పనిచేస్తుందని చెప్పలేం. కానీ ఖర్చు లేని పని ఇది. ముందురోజు సాయంత్రం ఒక కాగితం మీద మనసులో తిరుగుతున్న భయాలన్నీ రాసి, ఆ కాగితాన్ని పక్కన పెట్టేయవచ్చు.

రాత్రంతా మేలుకుంటే

నిద్ర మాని చదివిన రాత్రి లాభంలా కనిపించే నష్టం. పగలు నేర్చుకున్నది నిద్రలోనే స్థిరపడుతుంది. నిద్ర లేని మెదడు మరుసటి రోజు కొత్త ప్రశ్నను అర్థం చేసుకోవడంలోనూ, చిన్న పొరపాట్లను పట్టుకోవడంలోనూ వెనకబడుతుంది. లాస్ ఏంజిలెస్ పాఠశాలల్లో 535 మంది విద్యార్థులను అనుసరించి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం దీన్నే చూపింది. నిద్రను తగ్గించుకొని మామూలు కంటే ఎక్కువ చదివిన రోజు తర్వాత, విద్యార్థులకు తరగతిలో పాఠం అర్థం కాకపోవడం, పరీక్ష సరిగా రాయలేకపోవడం పెరిగాయి. చదువు పెరిగింది, ఫలితం తగ్గింది.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. పరీక్షల వేళ అంత సాధ్యం కాకున్నా, ఆరు గంటలకు తగ్గకుండా చూసుకోవాలి. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి పదకొండు గంటలకు కూడా ఒంట్లోనే ఉంటుంది. మేలుకోవడానికి తాగిన ఆ కప్పు, నిద్రపోవాలనుకున్నప్పుడు అడ్డుపడుతుంది. హాస్టళ్లలో అర్ధరాత్రి దాకా స్టడీ అవర్లు సాగే చోట విద్యార్థికి ఈ ఎంపిక తన చేతుల్లో ఉండదు. ఈ సంగతి ముందుగా తెలుసుకోవలసింది వార్డెన్లు, కళాశాలల యాజమాన్యాలు.

గేటు దగ్గర గెలవవలసిన పరీక్ష

పాఠాలతో సంబంధం లేని కారణంతో పరీక్ష పోవడం అన్నిటికంటే బాధాకరం. తెలుగు రాష్ట్రాల్లో ఒక్క నిమిషం ఆలస్యమైనా అనుమతి లేదన్న నిబంధన చాలా ఏళ్లు విద్యార్థులను, తల్లిదండ్రులను పరుగులు పెట్టించింది. 2024లో పరీక్షలు జరుగుతుండగానే, ఆలస్యం కారణంగా పరీక్ష రాయలేకపోయిన ఒక విద్యార్థి మరణం కలకలం రేపిన తర్వాత, తెలంగాణ బోర్డు ఐదు నిమిషాల సడలింపు ఇచ్చింది. సీబీఎస్ఈ పన్నెండో తరగతి విద్యార్థులు ఉదయం 10 గంటల లోపే కేంద్రంలో ఉండాలి. 10:15కు ప్రశ్నపత్రం ఇస్తారు, 10:30కు రాయడం మొదలవుతుంది.

సడలింపు ఉందని ఆలస్యంగా బయలుదేరడం తగదు. పరీక్షకు ముందురోజే కేంద్రాన్ని స్వయంగా చూసి రావడం, ఏ బస్సు ఎన్ని గంటలకు వస్తుందో తెలుసుకోవడం, హాల్ టికెట్, రెండు మూడు పెన్నులు, స్కేలు, నీళ్ల సీసా ఒకే చోట పెట్టుకోవడం చిన్న పనులే. కానీ ఇవి ఉదయం పూట కలిగే కంగారులో చాలా భాగాన్ని ముందురాత్రే తొలగిస్తాయి. గడియారాల విషయంలో నిబంధనలు ఏటేటా మారుతున్నాయి గనుక హాల్ టికెట్ మీది సూచనలను ఒకసారి పూర్తిగా చదవాలి. కేంద్రం గేటు ముందు తోటివారు “ఇది చదివావా, అది వస్తుందట” అని మాట్లాడుకునే గుంపుకు కొంచెం దూరంగా నిలబడడం కూడా సన్నాహంలో భాగమే. ఆ పది నిమిషాల్లో కొత్తగా వచ్చేది ఏమీ ఉండదు.

హాలులో మొదటి ఐదు నిమిషాలు

సీబీఎస్ఈలో ప్రశ్నపత్రం చదువుకోవడానికి 15 నిమిషాలు విడిగా ఇస్తారు. ఇంటర్ విద్యార్థి తనంతట తానే మొదటి ఐదు నిమిషాలను అందుకు కేటాయించుకోవాలి. అన్ని ప్రశ్నలూ చదివి, బాగా వచ్చిన వాటికి గుర్తు పెట్టుకోవాలి. అరవై మార్కులకు మూడు గంటలు అంటే మార్కుకు మూడు నిమిషాలు. ఆ లెక్కన ఎనిమిది మార్కుల ప్రశ్నకు 24 నిమిషాలు, నాలుగు మార్కుల ప్రశ్నకు 12 నిమిషాలు. డెబ్బైఅయిదు మార్కుల గణితంలో ఏడు మార్కుల లెక్కకు దాదాపు 17 నిమిషాలు. ఒక లెక్క ఈ హద్దు దాటితే చోటు వదిలి ముందుకు వెళ్లాలి. సగం వచ్చిన లెక్కకూ మెట్ల వారీగా మార్కులు ఉంటాయి, అసలు ముట్టుకోని ప్రశ్నకు సున్నాయే.

ఒక్కసారిగా ఏమీ తోచకపోతే పెన్ను కింద పెట్టి, ఊపిరి నెమ్మదిగా తీసుకొని, తీసుకున్న దానికంటే ఎక్కువసేపు వదలాలి. ఐదారు సార్లు అలా చేస్తే గుండె వేగం తగ్గుతుంది. తర్వాత అన్నిటికంటే తేలికైన రెండు మార్కుల ప్రశ్నతో మొదలుపెట్టాలి. చేయి కదిలి రెండు వాక్యాలు రాసేసరికి మూసుకున్న దారి చాలావరకు తెరుచుకుంటుంది.

ఇంటి గుమ్మం దగ్గరి ప్రశ్న

పరీక్ష రాసి వచ్చిన పిల్లలకు గుమ్మంలోనే ఎదురయ్యే ప్రశ్న “ఎలా రాశావమ్మా? ఎన్ని వస్తాయి?” ప్రేమతో అడిగినా, విద్యార్థికి అది రెండో పరీక్ష. అయిపోయిన పత్రంలోని జవాబులు సరిచూసుకోవడం వల్ల మార్కు పెరగదు. తప్పు తేలితే మాత్రం తర్వాతి పరీక్షకు మిగిలిన గంటలు పాడవుతాయి. “అన్నం తిను, కాసేపు పడుకో” అన్న మాటకు ఆ సమయంలో ఎక్కువ విలువ ఉంది. పక్కింటి పిల్లలతో పోలిక, ఫీజుల ప్రస్తావన, “ఇంత చేశాం నీ కోసం” అన్న మాట పరీక్షలు ముగిసేదాకా ఇంట్లో వినిపించకుండా ఉండడం తల్లిదండ్రులు చేయగల సాయం.

ఈ పరీక్ష దేన్ని నిర్ణయిస్తుంది?

ఇంటర్ మార్కులకు ప్రాధాన్యం లేదని చెప్పడం నిజాయితీ కాదు. ఎన్ఐటీల్లో ప్రవేశానికి సాధారణ విద్యార్థులకు 75 శాతం మార్కులు లేదా బోర్డులో తొలి 20 పర్సంటైల్‌లో స్థానం అవసరం. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, తెలంగాణ ఆ వెయిటేజీని తొలగించింది. కానీ ఒక్క పత్రం పోయినంత మాత్రాన దారి మూసుకుపోదన్నది కూడా అంతే నిజం. 2025లో తెలంగాణ మొదటి సంవత్సరంలో 66.89 శాతం, రెండో సంవత్సరంలో 71.37 శాతం మంది ఉత్తీర్ణులయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో అవి 70, 83 శాతాలు. అంటే తప్పినవారు ఒంటరివారు కారు, వారి సంఖ్య లక్షల్లో ఉంటుంది. వారి కోసమే ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు జరుగుతాయి. వాటిలో ఉత్తీర్ణులైతే విద్యా సంవత్సరం వృథా కాదు.

వచ్చిన మార్కులే తుది మాట కానక్కర్లేదని 2019 అనుభవం చెబుతుంది. ఆ ఏడాది తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు బయటపడ్డాయి. తెలుగులో సున్నా వచ్చినట్టు చూపిన ఒక విద్యార్థినికి అసలు వచ్చినవి 99 మార్కులు. ప్రభుత్వం తప్పినవారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా పునఃపరిశీలన చేయించగా, వెయ్యికి పైగా విద్యార్థులు ఉత్తీర్ణులుగా తేలారు. అయితే అప్పటికే కొందరు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ కుటుంబాలకు ఏ సవరణా ఊరట కాలేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్యకు పాల్పడిన విద్యార్థులు 13,044 మంది. కారణాలు అనేకం, అన్నిటికీ పరీక్షలే కారణం కాదు. అయినా పరీక్షల కాలంలో పిల్లల మాటను జాగ్రత్తగా వినవలసిన అవసరాన్ని ఆ అంకె గుర్తుచేస్తుంది.

నిద్ర, ఆకలి పూర్తిగా తగ్గిపోవడం, అందరికీ దూరంగా ఉండడం, “నేను లేకపోతే మీకు బాగుంటుంది” వంటి మాటలు అనడం మామూలు పరీక్ష భయం కాదు. అలాంటి మాట వినిపిస్తే కోప్పడకుండా, ఒంటరిగా వదలకుండా, వెంటనే సాయం కోరాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ‘టెలీ మానస్’ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా అందుబాటులో ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. సీబీఎస్ఈ విద్యార్థులకు ఆ బోర్డు 1998 నుంచి పరీక్షల కాలంలో సలహా సేవలు అందిస్తోంది. దాని ఉచిత నంబరు 1800-11-8004.

ముందురోజు రాత్రి “ఏమీ గుర్తులేనట్టు ఉంది” అన్న విద్యార్థికి ఇవ్వవలసిన జవాబు చిన్నదే. పుస్తకం మూసి, ఒక కాగితం మీద ఐదు చిన్న ప్రశ్నలకు జవాబులు రాసి చూడమనాలి. చాలాసార్లు మూడైనా వస్తాయి. రాని రెండింటిని ఒకసారి చూసుకొని, హాల్ టికెట్ ఎక్కడుందో మరోసారి చూసి, దీపం ఆర్పి పడుకోవడమే ఆ రాత్రికి మిగిలిన సన్నాహం.